ఒక్క మూతే

"నేను కలపలేదని ఎన్నిసార్లు సెప్పాలి?" అంది సూసన్న. చేతిలోని గరిట గిన్నె అంచుకి తగిలి ఠంగుమంది.

"కలిపినావని ఎవులన్నారొదినా? కలిపినానని సెప్పమంటన్నాం. అంతే," అన్నాడు తీతు.

"రెండూ ఒకటేనా?"

"సాహెబు కాడ ఒకటే. ఆడోళ్ళు తెలీక కలిపేసినారంటే ఆయన నవ్వేసి ఒగ్గేస్తాడు. వర్క్‌షాపులో ఇలాంటియి ఎన్ని సూళ్ళేదు నేను!"

మరిది తీతు తాల్‌బగీచా పేట నుంచి సైకిలు మీద వచ్చి చాలాసేపయింది. మెడకి చుట్టుకున్న మఫ్లరు ఇంకా విప్పలేదు. ఇచ్చిన టీ స్టూలు మీద అలాగే ఉంది. రైల్వే వర్క్‌షాపులో అతను యూనియన్ మనిషి. ఎవరి గొడవనైనా నాలుగు మాటల్లో తేల్చేయగలనని అతని నమ్మకం. ఈ ఇంట్లో మాత్రం ఆ నాలుగు మాటలూ సోమవారం నుంచి బుధవారం దాకా సాగుతూనే ఉన్నాయి.

సోమవారం మధ్యాహ్నం సూసన్న భర్త ఆర్థర్ గూడ్సు బండికి గార్డుగా వెళ్ళాల్సి ఉంది. ముక్కులు బిగుసుకుపోయి, ఒకటే దగ్గు. అయినా ఇంట్లో మిరియాల పాలు తాగి, తెల్ల కోటు తొడుక్కుని బయల్దేరాడు. ఆఫీసులో డ్యూటీ పుస్తకం మీద సంతకం చేయబోతుంటే ఎదురుగా కూర్చున్న ఇన్‌స్పెక్టరుకి బ్రాందీ వాసన తగిలింది. డాక్టరు దగ్గరికి పంపిస్తే ఆయనకీ తగిలింది. వేరే గార్డుని పిలిపించి బండి పంపేశారు. ఆర్థర్‌ని ఇంటికి పంపేశారు. తాగి డ్యూటీకొచ్చాడని తేలితే ఉద్యోగం ఉండదు. "పాలల్లో ఇంట్లోవాళ్ళు కలిపారంటున్నావు కాబట్టి, ఆ కలిపిన మనిషిని శనివారం తీసుకురా, వింటాను," అన్నాడు పెద్ద సాహెబు.

"అన్నయ్య ఉజ్జోగం నిలబడాలా, నీ పంతం నిలబడాలా?" అన్నాడు తీతు.

"నా పంతమా?" సూసన్న భర్త వైపు తిరిగింది. "మీరేటంటారు?"

ఆర్థర్ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని గార్డు జెండాలు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎర్రదాన్ని విప్పి మళ్ళీ కర్రకి చుట్టాడు. తర్వాత పచ్చదాన్ని విప్పాడు. పొద్దున్నుంచీ అదే పని.

"శనివారం పదింటికి రమ్మన్నారు," అన్నాడు.

"నేనడిగినది అది కాదు."

"మరేటనమంటావు సూసీ?"

"నేనెల్లి కలిపినానని సెప్తాను. ఠీక్ హై. ఆదివారం సర్చిలో ఏటి సెప్పను? సండే స్కూలు పిల్లలు అడిగితే? మీ టీచరమ్మ పాలల్లో బ్రాందీ పోస్తాదర్రా అని సెప్పమంటారా?"

"ఆఫీసు మాట సర్చి దాకా ఎవులు మోస్తారొదినా?"

"సగం ఆఫీసు మన సర్చిలోనే కూకుంటాది."

తీతుకి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు.

గోడకి ఆనుకుని చేట ఒళ్ళో పెట్టుకుని కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది అత్తగారు ఎస్తేరమ్మ. చర్చిలో స్త్రీల సమాజానికి ప్రెసిడెంటు. తాగుడు అడుగుపెట్టిన ఇంటివాళ్ళు, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గరికి రాకూడదన్న కట్టుబాటు సంఘంలో పూర్వం నుంచీ ఉన్నా, దాన్ని పట్టుబట్టి నడిపించింది ఆవిడే. పోయిన వానాకాలం నూకరాజు తాగి చర్చి గేటు దగ్గర పడిపోతే, అతన్నే కాదు, ఇంట్లో సీసా పెట్టనిచ్చినందుకు భార్య సింహాచలమ్మని కూడా సంఘం ముందు నిలబెట్టింది. అప్పట్నుంచీ సింహాచలమ్మ చర్చిలో వెనక బల్ల మీద ఒక్కతే కూర్చుంటోంది. రొట్టె పళ్ళెం ఆమె దాకా వెళ్ళదు.

అలాంటి ఎస్తేరమ్మ, కోడలి మీద ఇంత మాట పడుతుంటే నోరు విప్పడం లేదు. చేటలో వేళ్ళు మాత్రం ఆగకుండా కదులుతున్నాయి.

"అత్తమ్మా, మీరైనా సెప్పండి. ఆ సీసా మన గుమ్మం తొక్కినాదేటి ఎప్పుడైనా?"

ఎస్తేరమ్మ ఒక రాయిని వేళ్ళ మధ్య పట్టుకుని వెలుతురులో చూసింది. అవతలికి విసిరేసింది.

"తీతూ, టీ సల్లారిపోనాది. తాగు," అంది.

*

గురువారమంతా సూసన్నకి కాలు ఒకచోట నిలవలేదు. ఊడ్చిన వరండానే మళ్ళీ ఊడ్చింది. బొగ్గుల పొయ్యి వెనక వాకిట్లో రాజేసి, పొగ పోయేదాకా ఆగలేక మధ్యలోనే లోపలికి మోసుకొచ్చి, కళ్ళు మండి మళ్ళీ బయట పెట్టింది. చేతులు పని చేస్తున్నాయి కానీ బుర్రంతా సోమవారం మధ్యాహ్నం చుట్టూనే తిరుగుతోంది.

ఆ పాలు తను ఎలా చేసిందో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. గిన్నెలో ముందు కాసిని నీళ్ళు పోసి తిప్పింది, అడుగంటకుండా. ఆ తర్వాతే పాలు. మిరియాలు కల్వంలో మరీ మెత్తగా కాకుండా పలుకుగా నూరింది. శొంఠికొమ్ము సానరాయి మీద నాలుగు చుక్కల నీళ్ళతో అరగదీసి, ఆ గంధం వేలితో తీసి గిన్నెలోకి జార్చింది. చిటికెడు పసుపు. పచ్చివాసన పోయేదాకా సన్న సెగ మీద కాచి దించింది. కాస్త ఆగి ఈతబెల్లం వేసింది. పొయ్యి మీద ఉండగానే బెల్లం వేస్తే పాలు విరిగిపోతాయి. పాత వాయిల్ గుడ్డలో వడకట్టి, రెండు గిన్నెల మధ్య నురుగొచ్చేలా తిరగబోసి, గ్లాసులో పోసి మూత పెట్టింది.

ఆ తర్వాత? ఇస్త్రీ పెట్టెలో నిప్పులు వేసింది. ఆర్థర్ తెల్లకోటు మీద ముడతలు ఇంకా పోలేదు. "పాలు నేనిస్తాన్లే, నువ్వు కోటు సూడు," అన్నారెవరో.

ఎవరో ఏమిటి! సూసన్న చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వెంటనే తన ఆలోచనకి తనకే భయమేసి చీపురు గోడకి చేర్చేసింది. అత్తమ్మ! బ్రాందీ! ఎవరైనా వింటే నవ్వుతారు.

సాయంత్రం కూతురు ఎలీస బడి నుంచి దగ్గుతూ వచ్చింది. పుస్తకాల సంచీ మంచం మీద పడేసి, "నాన్న రొంప నాకొచ్చింది," అంది.

"రొంపొక్కటే ఒచ్చినాది, నయం," అంది సూసన్న. అన్నాక తనకే బాగోలేదు.

"నువ్వు బట్టలు తియ్యమ్మా, మంచు పడతాది. దీనికి పాలు నేను కాస్తాను," అంటూ ఎస్తేరమ్మ లేచింది.

సూసన్న వెనక వాకిట్లోకి వెళ్ళి తాడు మీద బట్టలు తీయసాగింది. వంటింటి కిటికీ తలుపు ఒకటి ఊడిపోయి చాలాకాలమైంది. అక్కడ అడ్డం కట్టిన గోనెగుడ్డ గాలికి పక్కకి తొలగింది. ఎస్తేరమ్మ బియ్యం డబ్బా వెనక్కి చెయ్యి పెట్టి ఓమం నీళ్ళ సీసా తీసింది. మూత తిప్పి, ఆ మూతలోకి కొంచెం వంచి గ్లాసులో పోసింది. ఒకసారి గుమ్మం వైపు చూసి మూత బిగించింది. ఓమం నీళ్ళు తెల్లగా ఉంటాయి. ఇది టీ డికాక్షన్ రంగులో ఉంది.

సూసన్న చేతిలో బట్టలు నేలమీద జారవిడిచి లోపలికొచ్చింది. గ్లాసు అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. మిరియాల ఘాటు వెనకే ఆ వాసన. గ్లాసు తీసుకెళ్ళి తూములో పారబోసింది.

ఎస్తేరమ్మ పొయ్యి దగ్గర పీట మీద కూర్చుండిపోయింది.

"ఒక్క మూతే," అంది.

"సోమవారం కూడానా అత్తమ్మా?"

"మీ మాఁవ ఇంజను మీద్నుంచి దిగొచ్చినప్పుడల్లా ఇదే ఇచ్చీదాన్ని. సలికాలం బొగ్గు ఏసి ఏసి గుండెలు పట్టీసీవి. డ్రైవరు దొర సెప్పినాడు, పాలల్లో ఒక్క మూతెయ్యమని. అది తాగుడేటి? నీ మొగుడూ, తీతూ దాంతోనే పెరిగినారు. వాడి ముక్కు బిగిసిపోయి పాల రుసే తెలీలేదు, నేనూ వాసన మాట తలవలేదు. ఆరోజుల్లో ఎవుడు వాసన సూసీవోడు?"

"సీసా ఎక్కడిది?"

ఎస్తేరమ్మ పొయ్యిలో బొగ్గుల్ని ఊచతో కదిపింది. "నాకు గుండెల్లో నొప్పొస్తాదని తీతు తెచ్చిపెడతాడు."

సూసన్నకి మఫ్లరు కట్టుకుని స్టూలు ముందు కూర్చున్న మరిది గుర్తొచ్చాడు. కలిపినావని ఎవులన్నారొదినా, అన్నాడు. నిజమే, అనడు. అతనికి తెలుసు కదా.

"మరైతే ఆఫీసుకి మీరెల్లి సెప్పండి అత్తమ్మా. తెలీక పోసినానని సెప్పండి."

"నేనెలాగ సెప్పగల్నే?" ముసలామె చేతిలో ఊచ కింద పెట్టేసింది. "సింహాచలమ్మని నిలబెట్టినది నేను. ఇంట సీసా ఉండదని ఎంతమంది చేత ఒట్టేయించినాను! రేపు నా మొహం మీద ఉమ్మెయ్యరేటి? నువ్వు సిన్నదానివి. నీకైతే ఆర్నెల్లకి మర్సిపోతారు."

"సండే స్కూలు?"

ఎస్తేరమ్మ సీసాని మళ్ళీ బియ్యం డబ్బా వెనక పెట్టేసింది. పక్కగదిలోంచి ఎలీస దగ్గుతూ, "పాలయ్యాయా?" అని అడిగింది.

సూసన్న వేరే గిన్నె కడిగి మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టింది. నీళ్ళు, పాలు, మిరియాలు. శొంఠికొమ్ము రెండుసార్లు చేతిలోంచి జారిపోయింది.

ఆర్థర్ బజారు నుంచి వచ్చి కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నప్పుడు వెళ్ళి పక్కన నిలబడింది.

"పాలల్లో పోసినది మీ అమ్మ."

అతను కుళాయి కట్టేశాడు. ఆశ్చర్యపోలేదు.

"మీకు తెల్సా?"

"డాక్టరు కాడ కూకున్నప్పుడు తెలిసినాది. గుండెల్లో ఆ ఎచ్చదనం... సిన్నప్పటిది."

"మరి నన్నెందుకు..."

"ఆఫీసులో అడిగినారు సూసీ, పాలు ఎవరిచ్చినారని. అమ్మ పేరు నోట్లోంచి రాలేదు." అతను తువ్వాలుతో చేతులు తుడుచుకున్నవే మళ్ళీ తుడుచుకున్నాడు. "నీ పేరు సెప్పీసినాను."

"ఎప్పుడు?"

"సోమవారమే."

అంటే ఈ మూడ్రోజుల వాదనంతా దేనికి? తను ఒప్పుకోవడం కోసం కూడా కాదు. ముందే అయిపోయినదానికి తన చేత తల ఊపించుకోవడానికి. ఇంట్లో తనకొక్కదానికే తెలియదు.

"అమ్మ పెద్దది. ఆ సమాజం, ఆ పార్దనలూ తప్ప ఆవిడకేటుంది?" అన్నాడు ఆర్థర్.

"నాకేటుంది?"

అతను తువ్వాలు భుజాన వేసుకున్నాడు. లోపలికెళ్ళి జెండాలు తీశాడు.

*

స్త్రీల సమాజం ప్రార్థన వారానికొక ఇంట్లో జరుగుతుంది. ఈ శుక్రవారం వంతు ఎస్తేరమ్మ ఇంటిది. ఎవరి ఇంట్లోనైనా ప్రార్థన తర్వాత టీ, బిస్కట్లు ఇస్తారు. ఎస్తేరమ్మ ఇంట్లో మాత్రం చలికాలంలో మిరియాల పాలే. ఆ పాల కోసమే వస్తామని ఆడవాళ్ళు వేళాకోళమాడేవారు. "మా ఇంట్లో ఎన్నిసార్లు కాసినా ఈ రుసి రాదే, ఏటేస్తావు సూసన్నా?" అని పోయినేడు సమాజం సెక్రటరీ సుజాతమ్మ బతిమాలి అడిగింది కూడా.

ఇవాళ ఎవరూ ఏమీ అడగలేదు. చెప్పులు విప్పి వచ్చి చాపల మీద కూర్చున్నారు. పలకరింపులు ముక్తసరిగా అయ్యాయి. సింహాచలమ్మ అందరికంటే వెనక, గుమ్మం పక్కన కూర్చుంది. రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు.

ఎస్తేరమ్మ వాక్యం చదివింది. రోజూ గోడలు దాటి వినిపించే గొంతు ఇవాళ పక్క చాప దాకా రాలేదు.

పాటలూ, ప్రార్థనా అయ్యాక సూసన్న పాల గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని వచ్చింది. అందరికీ ఇచ్చింది. అందరూ అందుకున్నారు. అందుకుని ఎదురుగా చాప మీద పెట్టుకున్నారు.

సుజాతమ్మ చలి గురించి మాట్లాడింది. ఇంకొకామె తన చెల్లెలి కాన్పు గురించి మాట్లాడింది. గ్లాసుల్లోంచి ఆవిరి లేచి, సన్నబడి, ఆగిపోయింది. పాల మీద మీగడ కట్టింది. ఎవరి చెయ్యీ గ్లాసు మీదికి వెళ్ళడంలేదు.

సూసన్నకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. సోమవారం ఆర్థర్ ఆఫీసులో చెప్పిన పేరు అప్పుడే వీళ్ళ దాకా వచ్చేసింది. ఖాళీ పళ్ళెం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. బియ్యం డబ్బా వెనక్కి చెయ్యి పెట్టింది. సీసా అక్కడే ఉంది. అది తీసుకెళ్ళి చాపల మధ్య పెడితే చాలు, ఒక్క మాట అక్కర్లేదు. సీసా పట్టుకుని గుమ్మానికి కట్టిన కర్టెను దాకా వచ్చింది.

కర్టెను సందులోంచి ఎస్తేరమ్మ మొహం కనిపించింది. ఆవిడ ఆ గ్లాసుల్ని ఒక్కొక్కటే చూస్తోంది. తను ఎవరెవరి చేత ఒట్టేయించిందో ఆ ఆడవాళ్ళే, తను నేర్పినట్టే, తన ఇంట్లో పాలు ముట్టకుండా కూర్చున్నారు. సూసన్న అడుగు ముందుకి పడలేదు.

"సల్లారిపోతన్నాయమ్మా, తాగండి," అంది ఎస్తేరమ్మ.

"పొద్దున్నుంచీ నాకు పైత్యంగా ఉన్నాదండి," అంది సుజాతమ్మ. మిగిలినవాళ్ళు తలలు దించుకున్నారు.

అప్పుడు గుమ్మం పక్కనుంచి జుర్రుమని చప్పుడైంది. సింహాచలమ్మ గ్లాసెత్తి తాగుతోంది. మీగడతో సహా, మధ్యలో ఆపకుండా తాగింది. కొంగుతో మూతి తుడుచుకుని, గ్లాసు అడుగున మిగిలిన మిరియాల పలుకులు వేలితో తీసి నాలిక మీద వేసుకుంది.

"ఇంకాసిన్ని ఉన్నాయేటి సూసన్నా? మా ఇంట్లో పాలు టీకే సాలవు," అంది. ఎవర్నీ దెప్పుతున్నట్టు లేదు ఆ గొంతు. నిజంగానే పాలు బాగున్నాయి, అంతే.

సూసన్న సీసాని చీరకొంగులో చుట్టి బొడ్లో దోపుకుని, గిన్నె తెచ్చి ఆమె గ్లాసు నింపింది. ఎస్తేరమ్మ కళ్ళు సింహాచలమ్మ మీదే ఉన్నాయి.

అందరూ వెళ్ళిపోయాక సూసన్న గ్లాసులన్నీ తిరిగి గిన్నెలో వంచింది. ఎస్తేరమ్మ చాపలు చుట్టలేదు. చీకటి పడి ఎలీస లైటు వేసేదాకా చాప మీదే కూర్చుంది.

*

తీతు మర్నాటి సంగతి మాట్లాడటానికి అన్నం వేళకి వచ్చాడు. అందరూ వంటింట్లో పీటల మీద కూర్చున్నారు. అన్నం, పప్పు, చేపల పులుసు మధ్యలో ఉన్నాయి.

"పది కంటే ముందే ఉండాలొదినా. నీలం సీర కట్టుకో, పెద్దమనిషిలాగుంటావు. ఎక్కువ మాటాడకు. రెండు ముక్కలు సెప్పి, కాసిన్ని కంట నీళ్ళెట్టు, అంతే, అయిపోతాది."

సూసన్న ఉప్పు గిన్నె తెచ్చి పెట్టింది. బొడ్లోంచి ఓమం సీసా తీసి, ఉప్పు గిన్నె పక్కన పెట్టింది. తన పీట మీద కూర్చుంది.

"ఓమం నీళ్ళెందుకమ్మా? ఎవరికి కడుపునొప్పి?" అంది ఎలీస.

తీతు సీసాని చూసి తల్లి వైపు తిరిగాడు. ఆర్థర్ పళ్ళెం వైపు చూస్తూ ఉండిపోయాడు. అన్నం ముందు ప్రార్థన ఎప్పుడూ ఎస్తేరమ్మే చేస్తుంది. అందరూ ఆవిడ గొంతు కోసం ఎదురుచూశారు. సూసన్న ఒళ్ళో రెండు చేతులూ బిగించి పట్టుకుంది. చెప్పాల్సిన మాట పొద్దున్నుంచీ గొంతులోనే ఉంది. ప్రార్థన అవ్వగానే చెప్పేయాలి. రేపు నేను రాను. ఉద్యోగం పోతే పోనీ, నేను రాను. అంటే ఈ ఇంట్లో ఇక ఎలా ఉండాలో మాత్రం తెలియడం లేదు.

ఎస్తేరమ్మ కళ్ళు మూసుకోలేదు. చెయ్యి చాచి ఉప్పు గిన్నె పక్కనున్న సీసా తీసుకుంది. కొంగుతో దాని మీద తడి తుడిచి, తన పళ్ళెం పక్కకి జరుపుకుంది.

"తీతూ, రేపు ఒక రిచ్చా మాటాడు. అంత దూరం నేను నడవలేను."

"ఎక్కడికమ్మా?"

"ఆఫీసుకి. సూసన్న రాదు. పాలల్లో పోసినది నేను, నేనే సెప్తాను."

"అమ్మా, అక్కడంతా మన సర్చోళ్ళే..." అన్నాడు ఆర్థర్.

"ఉండనీ. ఆదివారం ఎలాగూ ఆళ్ళందరికీ సెప్పాల." ముసలామె గొంతు పెద్దది కాలేదు. పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో చెబుతున్నట్టే ఉంది. "సీసా ఎవులు తెచ్చినారని సాహెబు అడిగితే అదీ సెప్తాను."

తీతు మెల్లగా మఫ్లరు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎలీస ఏమీ అర్థంకాక అందరి మొహాలూ చూస్తోంది. సూసన్న ఎవరి వైపూ చూడలేదు. బిగించుకున్న చేతులు ఇంకా విడిపోలేదు.

"సూసన్న క్లాసు సూసన్నదే. ఆ పిల్లల జోలికి ఎవులూ రాకూడదు," అంది ఎస్తేరమ్మ. తర్వాత చీరకొంగు తల మీదికి లాక్కుంటూ, ప్రార్థన మొదలుపెట్టబోయే ముందు, మామూలుగా అంది:

"ఈ ఆదివారం నుంచి నాకు ముందు బల్ల మీద జాగా ఉంచొద్దు. ఎనక, సింహాచలమ్మ పక్కన కూకుంటాను."